భూదవ్వ గోడా, నా బుడగా

నేను ఒక రసమట్టాన్ని. మూరెడు పొడవు టేకు చెక్క, అంచులకు ఇత్తడి పట్టీ, నడుములో వేలెడంత గాజు గొట్టం, ఆ గొట్టంలో ఆకుపచ్చ నీళ్లు, నీళ్లలో ఒక గాలిబుడగ. ఇంతే నా ఆస్తి. గొట్టం మీద రెండు నల్ల గీతలుంటాయి. నన్ను ఎక్కడైనా పెట్టి చూడండి. బుడగ రెండు గీతల నడుమ నిలబడితే ఆ చోటు సమంగా ఉన్నట్టు. పక్కకు జరిగితే ఎక్కడో వంకర ఉన్నట్టు. నాకు మాటలు రావు, మొహమాటం అంతకన్నా రాదు. కట్టినవాడు మేస్త్రీ మేనమామే అయినా సరే, వంకర గోడను వంకర గోడనే అంటాను. ఈ గుణం వల్ల నాకు స్నేహితులు తక్కువ.

మనుషుల తీరు నాకు ముందు నుంచీ వింతే. నన్ను పిలిచి మరీ అడుగుతారు. నా జవాబు నచ్చకపోతే ఒక కన్ను మూసి, రెండో కంటితో గోడను చూసి, "కంటికి మంచిగనే ఉన్నది తియ్" అంటారు. కంటికి మంచిగానే ఉంటే నన్నెందుకు అడిగినట్టు? తర్వాత ఆ ఇంటి గడప దాటుకుని వాననీళ్లు నేరుగా పొయ్యి దాకా వస్తే మాత్రం, మట్టం సరిగా చెప్పలేదని నన్నే తిడతారు.

నేను పుట్టింది ఉత్తరాదిన పనిముట్లు చేసే ఒక కార్ఖానాలో. అక్కడ ఒక ముసలాయన ఉండేవాడు. గాజు గొట్టంలో నీళ్లు పోసి, బుడగ పట్టేంత గాలి మిగిల్చి, మూతి మూయడం ఆయన పని. ముప్పై ఏళ్లుగా అదే పని చేశాడట. చివరన మమ్మల్ని నున్నటి రాతి బల్ల మీద పెట్టి చూసేవాడు. అక్కడితో ఆగకుండా కుడి కొసను ఎడమకు తిప్పి, అదే చోట పెట్టి మళ్లీ చూసేవాడు. రెండుసార్లూ బుడగ నడుమనే నిలిస్తేనే గంపలో వేసేవాడు. అప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. ఒకసారి నిజం చెప్పినవాణ్ని రెండోసారి అడగడం అవమానం కాదా అనుకున్నాను. ఆ ముసలాయన ఎంత తెలివైనవాడో తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

కోరుట్లలో నన్ను మొదట కొన్నది ఒక గుత్తేదారు. ఆయన నన్ను చంకలో పెట్టుకుని తిరిగేవాడు గానీ ఒక్క గోడకు కూడా ఆనించిన పాపాన పోలేదు. నేను చంకలో ఉంటే ఇంటివాళ్లు గౌరవంగా చూసేవారు, ఆయనకు అది చాలు. ఒకరోజు నన్ను ఇటుకల మీద మరిచిపోయి వెళ్లాడు. అక్కడ పనిచేస్తున్న దుర్గయ్య మేస్త్రీ మర్నాడు నన్ను తుడిచి తిరిగి ఇవ్వబోతే, "నీ దగ్గర్నే ఉంచుకో, నాకు బరువైతంది" అన్నాడు. నా బతుకు గెలిచింది ఆ రోజేనని ఇప్పటికీ అనుకుంటాను.

దుర్గయ్యతో పద్దెనిమిదేళ్లు ఉన్నాను. ఆయన పనిలో దిగితే మనుషులతో మాట్లాడడు, నాతో మాట్లాడతాడు. "ఏమంటవ్? ఇంకింత లేపాల్నా?" అని అడిగి, నేను చెప్పినంతే లేపేవాడు. వంట గట్లు, గడపలు, మెట్లు, నీళ్ల తొట్లు, ఎన్నింటి మీద పడుకున్నానో లెక్కలేదు. ఆయన కూతురు రవళి చిన్నప్పుడు నన్ను నేల మీద పెట్టి, బుడగ అటూ ఇటూ పరుగెత్తుతుంటే కిలకిలా నవ్వేది. నాకు చక్కిలిగింతలు పెట్టిన మనిషి ఈ లోకంలో ఆ పిల్ల ఒక్కతే.

నాలుగేళ్ల కింద ఒక మేడ గోడకు గిలాబు, అంటే సిమెంటు పూత, చేస్తుంటే పరంజా తాడు తెగింది. ముందు నేను పడ్డాను, నా వెనకే ఆయన పడ్డాడు. కింద ఇసుక కుప్ప ఉండబట్టి ఇద్దరం బతికాం. ఆయన మోకాలు పోయింది. నా గాజు పగల్లేదు గానీ చెక్కలో తన చోటు నుంచి కాస్త కదిలింది. అప్పటినుంచి చదునైన బల్ల మీద పెట్టినా సరే, నా బుడగ కుడి గీతను తాకుతుంది. ఒక్క వెంట్రుకవాసి తేడా, అంతే. కానీ నిజం చెప్పడమే పనిగా పుట్టినవాడికి వెంట్రుకవాసి అంటే కొండంత.

కాలికి కట్టుతో మంచంలో ఉన్న దుర్గయ్య నన్ను కిటికీ గట్టు మీద పెట్టి చూశాడు. తిప్పి పెట్టి మళ్లీ చూశాడు. నాకు ఆ కార్ఖానా ముసలాయన గుర్తుకొచ్చాడు. నన్నిక పాత ఇనుము వాడికి వేస్తాడనుకున్నాను. దుర్గయ్య పగలబడి నవ్వాడు.

"ఓ పిల్లా, గిది సూడు! ఇది గూడ నా లెక్కనే కుంటుతున్నది."

రవళి వచ్చి చూసింది. "మరి ఇగ పనికి రాదా బాపు?"

"ఎందుకు రాదు? ఎంత తప్పు జెప్తదో ఎర్కైనంక ఇంకేం భయం? ఒకపారి ఇట్ల అడుగాలె, ఒకపారి తిప్పి అడుగాలె. రెండు మాటల నడుమ ఏదుంటదో గదే నిజం."

ఆ రోజు నుంచి నేను దుర్గయ్యకు మరీ దగ్గరయ్యాను. కానీ ఆయన ఇక పరంజా ఎక్కలేదు. పది నిమిషాలు నిలబడితే మోకాలు వాస్తుంది. తాపీ, నేనూ ఒక గోనెసంచిలో చేరాం.

మమ్మల్ని సంచిలోంచి తీసింది రవళి. అంతకుముందే ఆ పిల్ల ఐటిఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివింది. పాసయ్యాక బస్టాండు దగ్గర ఒక దుకాణంలో కూర్చుని కాలిపోయిన ఫ్యాన్లకు తీగ చుడుతుండేది. పని బాగా చేస్తుందని అందరూ అనేవారు గానీ ఇంటికి పిలిచి గోడలో తీగలు వెయ్యమని మాత్రం ఎవరూ అనలేదు. "కూసొని జేసే పనైతే జేస్తది. గోడ కొట్టుడు ఆడివిల్లతోని అయితదా?" అనేవారు. ఆ దుకాణం కూడా మూతపడబోతోంది. రవళికి మొండితనం ఎక్కువ. తండ్రితో ఒకే మాట చెప్పింది. "దసరా లోపల ఒక్క గోడ దొరికితే సరి బాపు. దొరకకుంటే నేను గూడ బీడీల కార్డు తీసుకుంట, చేట పట్టుకొని కూసుంట."

ఆ మాట ఉత్తదేం కాదు. వాళ్ల వాడలో భూదవ్వ ఇంట్లో ఐదుగురు ఆడవాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బీడీలు చుడతారు. ఒడిలో చేట, చేటలో తునికాకు, తంబాకు, దారం. వాళ్లలో సత్తెమ్మ అనే ఆవిడ నోరు కత్తి, మనసు వెన్న. రవళి మాట చెవిన పడ్డ రోజే ఒక కొత్త చేటకు పేడ, మెంతిపిండి అలికి ఆరబెట్టి, తన పక్కన గోడకు ఆనించి పెట్టింది. "నీ జాగ ఉన్నది బిడ్డా, రంది పడకు" అంది. ప్రేమతోనే అంది. కానీ ఆ ఖాళీ చేట కనపడినప్పుడల్లా రవళి మొహం తిప్పుకుని వెళ్లిపోయేది. చెయ్యి నేర్చిన విద్య ఒకటుండగా ఇంకో పనికి పోవడం ఎలా ఉంటుందో సంచిలో పడి ఉన్న నాకు తెలుసు.

అప్పుడే భూదవ్వ కొత్త టీవీ కొంది. గోడకు బిగించే రకం.

ఈ మధ్య మనుషులకు ఒక కొత్త సిగ్గు వచ్చింది. ముందరి వసారాలో తీగ మీద ఇంటిల్లిపాది బట్టలూ ఆరేస్తారు, దానికి సిగ్గు లేదు. టీవీ వెనక నల్లటి తీగ వేలాడితే మాత్రం పరువు పోతుంది. తీగలన్నీ గోడలోపల దాక్కోవాలి, టీవీ తనంతట తానే గాలిలో నిలబడ్డట్టు కనిపించాలి. అందుకని టీవీ రాకముందే గోడకు గాడి కొట్టి, గొట్టాలు పెట్టి, టీవీ వచ్చే చోట వెనకాల డబ్బా బిగించి, పైన గిలాబు చేసి, ఆరనిచ్చి సిద్ధంగా ఉంచాలి. శనివారం షోరూము నుంచి ఫిట్టర్ వస్తాడు. వాడలో రోజూ పిలిచే ఎలక్ట్రీషియన్ బతుకమ్మ దీపాల పనిలో మునిగి ఉన్నాడు. గత్యంతరం లేక భూదవ్వ రవళిని పిలిచింది. వాడలో ఇంకో ముగ్గురు నలుగురు కూడా గోడ టీవీ మీద కన్నేసి, భూదవ్వ గోడ ఎలా వస్తుందో చూద్దామని ఆగారు. భూదవ్వ నోట మంచి వస్తే రవళికి పని, లేకపోతే చేట. సంగతి అంత సూటిగా ఉంది.

సోమవారం పొద్దున రవళి నన్నూ, కొలత టేపునూ తీసుకుని వెళ్లింది. గుమ్మంలోకి అడుగుపెట్టగానే నేను కూడా ఆశ్చర్యపోయాను. ఇల్లు అలికినట్టు శుభ్రంగా ఉంది. చేటలు లేవు, ఆకుల కట్టలు లేవు, తంబాకు ఘాటు తప్ప బీడీల జాడే లేదు. అన్నీ మంచం కిందికి పోయాయి. పక్కింటి నుంచి తెచ్చిన ఐదు ఎర్ర కుర్చీల మీద ఐదుగురూ పెట్టెలోని చీరలు కట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఫోటో స్టూడియోలో కూర్చున్నట్టు కూర్చున్నారు. ఇంటికి ఎవరైనా పని మీద వస్తే మనవాళ్లు చేసే మర్యాద అది. వచ్చినవాళ్లకు మన రోజువారీ బతుకు కనపడకూడదు, మన పండగ కనపడాలి.

"టీవీ నడిమి భాగం చూసేవాళ్ల కండ్లకు సమంగ ఉండాలె పెద్దమ్మా. మీరు కూసున్న కాడ కొలుస్త" అంది రవళి.

భూదవ్వ ఇంకాస్త నిటారుగా కూర్చుంది. నేల నుంచి కంటికి మూడు అడుగుల తొమ్మిది అంగుళాలు. మిగతా నలుగురివీ అటూ ఇటూగా అంతే. రవళి గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టింది. నన్ను గుర్తు మీద ఆనించి ఒకసారి చూసింది, తిప్పి ఇంకోసారి చూసింది. గీత గీసింది. తండ్రి చెయ్యి ఎలా తిరుగుతుందో అచ్చం అలాగే తిరిగింది, నా చెక్క పులకరించింది.

మంగళవారం గాడి కొట్టింది. ఆ రోజు ఆడవాళ్లంతా చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి తాళంచెవి రవళికి ఇచ్చి కార్ఖానాకు వెళ్లారు, ఇంట్లో ఇంకో మనిషి లేదు. కోత మెషీను అరుపుకు వాడంతా దద్దరిల్లింది, ఎర్రటి దుమ్ముకు రవళి కనురెప్పలు కూడా ఇటుక రంగుకు తిరిగాయి. స్విచ్చుల బోర్డు నుంచి గాడి అడ్డంగా వచ్చి, గుర్తు దగ్గర నిలువుగా కిందికి దిగాలి. ఐమూలగా కొడితే గొట్టం ఆదా అవుతుంది, పని తొందరగా తెములుతుంది. చాలామంది అలాగే కొడతారు. రేపు ఎవరైనా అక్కడ మేకు కొడితే లోపల తీగ ఉందని వాళ్లకెలా తెలుస్తుంది? అడ్డంగానో నిలువుగానో మాత్రమే పోవాలని రవళి పట్టు, నా పట్టు కూడా అదే. గొట్టాలు రెండు వేసింది. కరెంటు తీగకు ఒకటి, బొమ్మను తెచ్చే తీగకు ఒకటి. రెండూ ఒకే గొట్టంలో ఉంటే తోడికోడళ్లలాగా ఒకదాన్నొకటి సతాయిస్తాయి, వేరు కాపురమే మేలు. రెండో గొట్టం వెడల్పుది తెచ్చింది, ఎందుకంటే ఆ తీగ సన్నమే గానీ మూతి బొటనవేలంత. లోపల ఒక నైలాను దారం కూడా పెట్టి వదిలింది, తర్వాత తీగను దానికి కట్టి లాక్కోవచ్చని. సాయంత్రానికి డబ్బా బిగించింది. చేతులు దులుపుకుని, గోడను చూసి నవ్వుకుంది. నేను కూడా నవ్వుకున్నాను. ఇద్దరం కలిసి ఎంత తప్పు చేశామో మాకు మర్నాడు తెలిసింది.

బుధవారం చెప్పిన వేళ కన్నా గంట ముందే వెళ్లింది. వాకిట్లో సిమెంటు సంచి దించి లోపలికి తొంగి చూసింది. కుర్చీలు లేవు. పెట్టెలోని చీరలు లేవు. ఐదుగురూ గచ్చు మీద గోడవార కూర్చుని, కాళ్లు చాపుకుని, ఒళ్లో చేటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. పాత టీవీ పైన అటక మీద ఉంది. వేళ్లు చేటలో వాటంతటవే ఆడుతున్నాయి. ముఖాలు మాత్రం ఐదూ పైకెత్తి ఉన్నాయి, ఎండలో విమానాన్ని చూస్తున్నట్టు. సీరియల్లో ఎవరో ఏడుస్తున్నారు. ఏడుపు ఆగిన ప్రతిసారీ భూదవ్వ మెడ వెనక చెయ్యి పెట్టి నొక్కుకుంటోంది. గది నిండా నొప్పుల మందు వాసన.

రవళి గడపలోనే నిలబడిపోయింది. సంచిలోంచి టేపు తీసి, పోయి భూదవ్వ పక్కన గొంతుకూర్చుని నేల నుంచి కంటి దాకా కొలిచింది. రెండు అడుగుల ఐదు అంగుళాలు. నిన్న బిగించిన డబ్బాకూ ఈ కంటికీ అడుగు మీద నాలుగంగుళాల తేడా.

"పెద్దమ్మా, మీరు రోజూ గిట్లనే కూసుంటరా?"

"మరెట్ల కూసుంటం బిడ్డా? కుర్సీల కూసుంటే చేట నిలువది."

"మరి మొన్న..."

"మొన్న నువ్వస్తివి గదా" అంది భూదవ్వ, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు. "సదువుకున్న పిల్ల కొలతలకు ఇంటికొస్తే కిందనే కూసుంటమా? మర్యాద గాదు."

సత్తెమ్మ బీడీ మూతి మడుస్తూ గోడ మీది బొక్కను చూసింది, రవళి ముఖాన్ని చూసింది. కత్తి నోరు ఊరుకుంటుందా? "అంటే తప్పు జాగల కొట్టినవన్నట్టా? మొదటి గోడకే రెండు బొక్కలా పిల్లా?" అంది. ఐదుగురి చూపూ ఒక్కసారి ఆ ఖాళీ చేట మీదికి పోయి వచ్చింది. రవళి చూపు కూడా పోయింది.

భూదవ్వకు జాలేసింది. "ఉండనీ బిడ్డా, ఏంగాదు. అటక కన్న కిందికే ఉన్నది గదా. మా మెడలకు అలవాటే. ఎవ్వలికి చెప్పం, గిలాబు జెయ్యి."

తప్పించుకునే దారి అంత విశాలంగా తెరుచుకుంది. అప్పుడు నేను రవళి చేతిలో ఉన్నాను. గిలాబు చేసేస్తే సరిపోతుంది. ఎవరికీ తెలియదు, ఎవరూ తప్పు పట్టరు. మళ్లీ కొడితే మాత్రం మొదటి పనిలోనే తప్పు చేసిందని వాడంతా తెలుస్తుంది. పైగా టీవీ కిందికి దిగితే పాత బొక్క టీవీ పైన అందరికీ కనపడే చోట మిగిలిపోతుంది, ఎంత పూడ్చినా మచ్చ కనపడొచ్చు. నాలో బుడగ అటూ ఇటూ కొట్టుకుంది. రవళి నన్ను ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది మరి.

"లేదు పెద్దమ్మా" అంది చివరికి. "గోడ నా లెక్క ప్రకారం ఉండొద్దు, మీ మెడ లెక్క ప్రకారం ఉండాలె. కొలత తప్పింది. మల్ల గొడుత."

నాకు నోరుంటే అప్పుడు ఈల వేసేవాణ్ని.

మళ్లీ మెషీను అరిచింది, మళ్లీ దుమ్ము లేచింది. గాడి ఇంకో అడుగు మీద నాలుగంగుళాలు తిన్నగా కిందికి దిగింది. గొట్టాలకు అతుకులు వేసి పొడిగించింది, డబ్బాను పైనుంచి పీకి కింద బిగించింది. మధ్యాహ్నానికి కబురు ఎలా అందిందో గానీ దుర్గయ్య చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు. గోడ మీది రెండు బొక్కలనూ చేత్తో తడిమి చూశాడు. తిడతాడని రవళి తల వంచుకుంది.

"తాపీ ఏది?" అన్నాడు.

"బాపు, నీ మోకాలు..."

"మోకాలు నిలవడొద్దన్నది గని కూసోవద్దన్నదా? నీ గాడి కిందికొచ్చింది గదా బిడ్డా. పీట ఎయ్యి."

నాలుగేళ్లుగా ఏ గోడా ఆయనకు అందలేదు. మనుషుల ఇళ్లలో పనంతా నిలబడినవాళ్ల ఎత్తులోనే ఉంటుంది. ఆ రోజు మొట్టమొదటిసారి ఒక గోడ పని కూర్చున్నవాడి దగ్గరికి దిగి వచ్చింది. భూదవ్వ ఆకులు కోసుకునే పీట ఇచ్చింది. దుర్గయ్య దాని మీద కూర్చుని, కుంటి కాలు చాపుకుని, గాడి మీద ఇనుప జాలీ పెట్టి, సిమెంటు మాలు తీసుకుని కొట్టాడు. మొదటి తాపీ మాలు గోడకు తగిలినప్పుడు వచ్చిన ఆ చప్పుడు! ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. సిమెంటు పడిందని భుజంతో తుడుచుకున్నాడు. నాకు తెలుసు, సిమెంటు పడలేదు.

కింది సగం అయ్యాక పైసగం మిగిలింది. ఆ పాత బొక్క కూడా అక్కడే ఉంది. నిలబడి చెయ్యాలి. దుర్గయ్య తాపీని తిప్పి, పిడి కూతురి వైపు పెట్టి చాచాడు. ఇంతవరకూ ఆ తాపీ ఆయన చేతి నుంచి ఇంకొకరి చేతికి పోవడం నేను చూడలేదు.

"నాకు రాదు బాపు."

"సర్వపిండి జేస్తవ్ గదా? గంజుల పిండి ఎట్ల అద్దుతవ్? అంచు మందం, నడుమ పల్చన గావద్దు, అంతట ఒక్కతీరుగ. గట్లనే అద్దు."

రవళి అద్దింది. మొదటి ముద్ద జారి పాదం మీద పడింది. సత్తెమ్మ "పిండి పలుచనైంది పిల్లా" అంది. ఇంకో ఆవిడ గోడనే గంజు గిన్నె చేసి "గంజు అటు దిక్కున్నది" అంది. ఐదుగురు ఆడవాళ్లూ సీరియల్ వదిలేసి గోడనే చూస్తున్నారు. రెండో ముద్ద నిలిచింది. గంట తర్వాత పాత బొక్క కనపడకుండా పోయింది. దుర్గయ్య నా చెక్క అంచును ఆ గిలాబు మీద నిలువుగా, అడ్డంగా ఆనించి, ఎక్కడా సందు లేదని చూసుకుని, నన్ను తుడిచి సంచిలో పెట్టేశాడు. ఆయన నన్ను సంచిలో పెట్టాడంటే పనిని మెచ్చుకున్నట్టు. గోడ మూసే ముందే రవళి గొట్టాల పక్కన టేపు పెట్టి ఫోన్లో ఫోటో తీసి ఉంచింది. మర్నాడు నీళ్లు కొట్టింది, శుక్రవారం రంగు వేసింది. తేరిపార చూస్తే టీవీ పైన లీలగా ఒక చదరం మచ్చ కనపడుతుంది. దాన్ని దాచడానికి అక్కడొక క్యాలెండర్ తగిలిద్దామని భూదవ్వ మేకూ సుత్తీ పట్టుకొచ్చింది. తండ్రీ కూతురూ ఒక్కసారే కేక పెట్టారు. "అక్కడ మేకు కొట్టొద్దు, లోపల తీగున్నది!"

శనివారం ఫిట్టర్ వచ్చాడు. పేరు వినయ్, ముఖం నిండా తొందర. గోడను చూడగానే ఆగిపోయాడు. "ఇదేంది, డబ్బా ఇంత కిందికున్నది? టీవీ పెడుతున్నరా, చెప్పుల స్టాండ్ పెడుతున్నరా? ఎవలు జేసిండ్రు?"

"నేనే" అంది రవళి. "వీళ్ల కండ్లు ఆడ్నే ఉంటయి."

అతను ఆమెను పైనుంచి కిందికి చూశాడు. టీవీని మోసే పట్టీ బిగించడానికి రవళి గీసి ఉంచిన గీత దగ్గరికి వెళ్లి, పక్కనే పెట్టి ఉన్న నన్ను తీసి గీత మీద పెట్టాడు. ఆ పెట్టడంలోనే నా ప్రాణం పోయింది. నా సంగతి అతనికి తెలియదు. వెంట్రుకవాసి తేడాతో నా బుడగ, అలవాటు ప్రకారం, కుడి గీతను తాకింది.

"సూడుండ్రి" అన్నాడు వినయ్ అందరి వైపూ తిరిగి. "గీత వంకర. ఇట్ల బిగిస్తే టీవీ తలకాయ వంచుకొని నిలవడుతది. నేనైతే బిగియ్య. గోడ మంచిగ జేపిచ్చి పిలువుండ్రి."

గదిలో చేటల చప్పుడు ఆగింది. వాకిట్లో చూడడానికి వచ్చిన వాడ ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. భూదవ్వ ముఖం చిన్నబోయింది. పీట మీది దుర్గయ్య లేవబోయి, నోరు తెరవబోయి, కూతుర్ని చూసి మళ్లీ కూర్చున్నాడు. నా సిగ్గు ఏం చెప్పమంటారు? బతుకంతా నిజం చెప్పి, ఆ పిల్లకు అత్యవసరమైన వేళ అబద్ధం చెప్పాను. చెక్క చీలి చచ్చిపోవాలనిపించింది.

రవళి కంగారు పడలేదు. "అన్నా, ఒకపారి తిప్పి పెట్టు" అంది.

"తిప్పితే ఏమైతది?"

"పెట్టు సూడు."

అతను నా కుడి కొసను ఎడమకు తిప్పి అదే గీత మీద పెట్టాడు. నా బుడగ ఇప్పుడు అంతే దూరం ఎడమకు పోయి నిలిచింది.

"గీత వంకరైతే, మట్టం ఎట్ల తిప్పినా బుడగ గోడకు ఒక్క దిక్కే పోవాలె" అంది రవళి. "ఇప్పుడు ఇంతే అటు, ఇంతే ఇటు పోయింది. అంటే తప్పు మట్టంల ఉన్నది, గీతల లేదు. మా బాపుతోని పరంజా మీదికెళ్లి పడ్డది ఇది. గప్పటిసంది వెంట్రుకంత తప్పు జెప్తది. నాకెర్కే. నమ్మకుంటే నీ ఫోన్ పెట్టి సూడు."

వినయ్ ఫోను తీసి గీతకు ఆనించాడు. దాని మీద సున్నా పడింది. జరిపి ఇంకోచోట పెట్టాడు. మళ్లీ సున్నా. తల గోక్కున్నాడు. "కరెక్టే" అన్నాడు. ఆ తర్వాత తీగ మూతిని నైలాను దారానికి కట్టి లాగితే, ఎక్కడా చిక్కుకోకుండా, నూతిలోంచి బొక్కెన వచ్చినట్టు వచ్చేసింది. ఫిట్టర్ మొహం అప్పుడు చూడాలి. "గొట్టం ఇంత వెడల్పుది ఎవ్వలెయ్యరు" అన్నాడు మెచ్చుకోలుగా. "సగం ఇండ్లల్ల మూతి పట్టక మల్ల గోడ పలగ్గొడుతరు." పోయేటప్పుడు రవళి ఫోన్ నంబరు రాసుకుని పోయాడు.

అంతమంది ముందు నేను అబద్ధాలకోరునని తేలిపోయింది. అయినా నా జన్మలో అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు. నా తప్పు బయటపడబట్టే ఆ పిల్ల ఒప్పు నిలబడింది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. పుట్టినప్పుడు నన్ను తిప్పి చూసిన ముసలాయన మీద పెట్టుకున్న కోపం ఆ రోజుతో పోయింది.

టీవీ వెలిగింది. భూదవ్వ గచ్చు మీద కూర్చుని చేట ఒళ్లోకి లాక్కుంది. మిగతా నలుగురూ కూర్చున్నారు. ముఖాలు పైకి లేవలేదు. కళ్ల ముందే సీరియల్ నడుస్తోంది, చేతుల ముందే బీడీలు నడుస్తున్నాయి. ఓ గంట గడిచింది. వాకిట్లో ఆడవాళ్లు ఉండబట్టలేక అడిగారు. "ఎట్లున్నది భూదవ్వా?"

భూదవ్వ చెయ్యి మామూలుగా మెడ వెనక్కి పోయి, అక్కడ చెయ్యడానికి పనేమీ లేక, తిరిగి చేటలోకి వచ్చింది.

"ఎట్లుండుడేంది? నాకు మెడ ఉన్నదన్న సంగతే యాదికి లేదు" అంది.

ఆ మాట సాయంత్రానికి వాడ దాటింది. వారంలో మూడు ఇళ్లు పిలిచాయి. కింద గాడి ఉన్న ప్రతి చోటా దుర్గయ్యకు ఒక పీట వేస్తున్నారు. రవళి ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా, గుమ్మంలోనే ఎర్ర కుర్చీలు చూసి ఆగిపోయి, "అవి తీసెయ్యుండ్రి. మీరు రోజూ ఎట్ల కూసుంటరో గట్ల కూసోండ్రి, అటెన్క కొలుస్త" అంటుంది. వాళ్లు మొదట సిగ్గుపడతారు. తర్వాత ఒకావిడ నేల మీద, ఒకాయన మంచం మీద కూర్చుని, ఇంకో తాత గోడకు కాళ్లు ఎత్తిపెట్టి వెల్లకిలా పడుకుని చూపిస్తారు. మనుషులు ఎన్ని రకాలుగా టీవీ చూస్తారో చెబితే మీరు నమ్మరు.

కొత్త మట్టం కొనుక్కోమని దుర్గయ్య చెప్పి చూశాడు. "దీని తప్పు నాకెర్కే బాపు, కొత్తదాని తప్పు ఎవలికెర్క?" అని కూతురు వినలేదు. సంచి చిరిగిపోయింది గనుక మమ్మల్ని పెట్టడానికి ఏదైనా కావాలంది. అది విని సత్తెమ్మ ఒక పొద్దున దుర్గయ్య ఇంటికి వచ్చింది. చంకలో ఆ కొత్త చేట ఉంది.

"ఇగ దీని పని నీకు లేదాయె" అంటూ గుమ్మంలో పెట్టింది. "నీ సామాన్లన్న పెట్టుకో."

రవళి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. దుర్గయ్య నవ్వాడు. అలికిన మెంతి వాసన ఇంకా పోలేదు. దాంట్లో తాపీ ఒక పక్కన, కొలత టేపు ఇంకో పక్కన. రవళి కోసం ఖాళీగా ఉంచిన ఆ చేటలో, నడుమ, ఇప్పుడు నేను పడుకుంటున్నాను.